మాడిన రొట్టెల రాజు

చిట్టితల్లీ,

ఆల్ఫ్రెడ్ రాజు మీద నువ్వు పంపిన సెమినార్ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేజీ అంతా మాడిన రొట్టెలకే ధారపోసేశావేం? దండెత్తి వచ్చిన డేన్లకు దొరక్కుండా చిత్తడి నేలల్లో తలదాచుకున్న రాజు, పశువుల కాపరి ఇంట్లో రొట్టెలు చూస్తుండమంటే పరధ్యానంలో మాడబెట్టి ఆ ఇల్లాలి చేత చీవాట్లు తిన్నాడన్నది వినడానికి పసందైన కథే. అయితే ఆ రాజు కొలువులో మెలిగి, 893లో ఆయన చరిత్ర రాసిన వేల్స్ సన్యాసి ఆసర్ ఈ ఊసే ఎత్తలేదు. రాజు పోయిన సుమారు వందేళ్లకు ఒక సాధువు జీవితకథలో అది తేలింది. కొట్టెయ్యమనను. ఎప్పుడు పుట్టిన కథో చెప్పి, చివర్లో పెట్టు.

ఆల్ఫ్రెడ్ కడగొట్టు కొడుకు. ముగ్గురన్నలు వరసగా దక్షిణ ఇంగ్లండు రాజ్యమైన వెసెక్స్‌ని ఏలి వెళ్లిపోయాక, 871లో, ఇరవై రెండేళ్ల వయసులో, యుద్ధం నడుమ కిరీటం నెత్తిన పడింది. ఆ ఏడాది చివర డేన్లతో సంధి చేసుకున్నాడు. డబ్బు ముట్టజెప్పే ఉంటాడని చరిత్రకారులంటారు. ఇది నువ్వు వదిలేశావు, వీరుడికి మచ్చ అనుకున్నావో ఏమో. రాయాలమ్మా.

878 జనవరిలో డేన్ల నాయకుడు గుత్రమ్ చిప్పెన్‌హామ్ మీద విరుచుకుపడటం, రాజు ఎథెల్నీ చిత్తడుల్లోకి తప్పుకోవడం, మే నెలలో ఎడింగ్టన్ దగ్గర గెలవడం సరిగానే రాశావు. ఓడిన గుత్రమ్‌ను చంపకుండా బాప్తిస్మం ఇప్పించి, తానే జ్ఞానతండ్రిగా నిలిచాడన్నది కూడా చేర్చు.

నన్నడిగితే అసలు ఆల్ఫ్రెడ్ కనిపించేది ఆ గెలుపు తర్వాతే. రాజ్యమంతా కోటపట్టణాలు లేపాడు. అవి సుమారు ముప్పై. ఆయన కొడుకు ఎడ్వర్డ్ కాలం నాటిదనుకునే వాటి జాబితా ఒకటి మిగిలింది. ఐదు మీటర్ల గోడ కాయడానికి నలుగురు మనుషులు, ఒక్కో హైడ్ భూమికి ఒక మనిషి అన్నది అందులో లెక్క. హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపడే నేల అనుకో. వించెస్టర్‌కి 2,400 హైడ్లు రాశారు. గుణించి చూడు, సుమారు మూడు కిలోమీటర్ల గోడ వస్తుంది. అక్కడి రోమన్ల నాటి గోడ పొడవు దాదాపు అంతే! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. సైన్యాన్నీ రెండు వంతులు చేశాడు: సగం మంది దండులో ఉంటే సగం మంది ఇంటి దగ్గర. అన్నీ కలిసొచ్చాయని కాదు. 896లో ఆయన కట్టించిన పొడవాటి ఓడలు తొలి పోరులోనే ఆటుకు నీరు తీసి ఇసుకలో కూరుకుపోయాయి.

ఇక చదువు. పన్నెండేళ్లు దాటినా ఆయనకు చదవడం రాదని ఆసరే రాశాడు. 887లో, ముప్పై ఎనిమిదో ఏట, ఒంట్లో తీరని జబ్బుతో లాటిన్ మొదలుపెట్టాడు. మతగురువుల విధుల గురించి పోపు గ్రెగరీ రాసిన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. తాను గద్దెనెక్కేనాటికి థేమ్స్ నదికి దక్షిణాన లాటిన్ తర్జుమా చేయగలవాడు ఒక్కడూ గుర్తుకు రావడం లేదని దాని ముందుమాటలో వాపోయాడు. కొన్నిచోట్ల మాటకు మాట, కొన్నిచోట్ల భావానికి భావం అన్నది తన పద్ధతట. ఆయన పేరున ఉన్న అనువాదాల్లో స్వహస్తంతో చేసినవెన్ని అన్నది పండితుల్లో ఇప్పటికీ తగవే. నువ్వు ఒక పక్షం తీసుకోనక్కర్లేదు గానీ, తగవుందని చెప్పడం మానకు.

883లో ఆయన భారతదేశానికి కానుకలు పంపాడని చదివి ఎగిరి గంతేసి రాసినట్టున్నావు! ఆ సంగతి చెప్పే వార్షిక చరిత్ర ప్రతులన్నీ ఒక్కమాట మీద లేవు. కొన్నిట్లో ఇండియా, కొన్నిట్లో యూదయా. కాస్త ఆగు.

899 అక్టోబరు 26న పోయాడు. వించెస్టర్‌లో పూడ్చారు, తర్వాత చోట్లు మారి సమాధి చెదిరిపోయింది. 1693లో ఎథెల్నీకి కొద్ది మైళ్లలో బొటనవేలంత బంగారు నగ దొరికింది. ఆల్ఫ్రెడ్ చేయించాడని దాని అంచున అక్షరాలున్నాయి. పుస్తకం చదివేటప్పుడు వరస చూపించే పుల్లకు పిడి అయి ఉంటుందంటారు. అది ఆక్స్‌ఫర్డ్‌లోని యాష్మోలియన్ మ్యూజియంలో ఉంది. నీ హాస్టల్ నుంచి బస్సులో ఒక పూట ప్రయాణమేగా. వెళ్లి చూసి, వ్యాసం మళ్లీ రాసి పంపు. ఈసారి వించెస్టర్ గోడ దగ్గర మొదలుపెట్టు.

నీ తాతయ్య