నిద్రలేమి, వ్యసనము, మనోవ్యాధి : సర్వేలు తెలుపు నిజములు - పంచాయతీ కర్తవ్యము

గ్రామములో బోరింగులెన్ని, వీధిదీపములెన్ని, పాడిపశువులెన్ని అను వివరములు పంచాయతీ కార్యాలయమున అడిగిన లభించును. కాని రాత్రివేళ నిద్రపట్టక పొర్లాడువారెందరు, త్రాగుడు మానవలెనని కోరియు మానలేకున్నవారెందరు, తీరని దిగులుతో పనిపాటలందు ఆసక్తి కోల్పోయినవారెందరు అను లెక్క ఏ పుస్తకమునందును ఉండదు. ఈ బాధలు కంటికి కనబడునవి కావు. బాధపడువారు సిగ్గుచేతనో భయముచేతనో బయటికి చెప్పుకొనరు. కనబడని ఈ బాధను కొలిచి చూచుటకే మానసికారోగ్య సర్వేలు జరుగుచున్నవి. ఇవి ఎట్లు జరుగును, ఏమి తెలుపుచున్నవి, వీని విషయమున పంచాయతీ సభ్యుల బాధ్యత ఏమి అను అంశములను ఈ వ్యాసమున వివరింతము.

సర్వే అనగానేమి?

అన్నము ఉడికినదీ లేనిదీ తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని పెద్దలు చెప్పుదురు. సర్వేకు మూలసూత్రము ఇదియే. అయితే కుండలోని అన్నము అంతటను ఒకే విధముగా ఉడుకును గాని, ఊరిలో జనులందరును ఒకే తీరుగా ఉండరు. ధాన్యము కొనువాడు బస్తా పైభాగమున గింజలను మాత్రమే చూడక, గొట్టము గ్రుచ్చి నడుమనుండియు అడుగునుండియు తీసి చూచును. అట్లే సర్వే జరుపువారును చీట్లు తీసినట్లు, ఎవరి ఇష్టాయిష్టములతోను నిమిత్తము లేకుండ, ఇండ్లను ఎన్నుకొందురు. ఎన్నికైన ఇంటికి తాళము ఉన్నచో మరల రావలెనే గాని, ప్రక్క ఇంటివారిని అడిగి తృప్తిపడరాదు. ఏలనన, తెల్లవారకముందే తాళము వేసి కూలికి పోవు కుటుంబము కష్టములు వేరు, ఇంటిపట్టున ఉండువారి కష్టములు వేరు. “మంచి ఇండ్లు చూపింతుము, రండు” అని గ్రామపెద్దలు సిబ్బందిని వెంటబెట్టుకొని పోయినచో లెక్క అక్కడనే చెడిపోవును.

ప్రశ్నలు ఎట్లుండును?

“మీకు మనోవ్యాధి కలదా?” అని సూటిగా అడిగిన ఎవరును అవునని చెప్పరు. అందువలన దినచర్యకు సంబంధించిన చిన్న ప్రశ్నలను వరుసగా అడుగుదురు. మనసు కృంగుబాటును కనిపెట్టుటకు అనేక దేశములలో వాడుకలో ఉన్న తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి కలదు. గడచిన రెండు వారములలో ఏ బాధ ఎన్ని దినములు కలిగినదని అందులో అడుగుదురు. అందులో మూడవ ప్రశ్న నిద్రను గూర్చినదే. మద్యపానమును గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పట్టికలో పది ప్రశ్నలు కలవు. ఎంత తరచుగా త్రాగుదురు, మొదలుపెట్టిన తరువాత ఆపలేకపోవుట కలదా, ఉదయము లేవగానే త్రాగనిదే కుదుటపడని స్థితి కలదా అనునవి ఇందలి ప్రశ్నలు. మొత్తము 40 మార్కులలో 8 గాని, అంతకు మించి గాని వచ్చినచో త్రాగుడు హానికరమగు దారిలో ఉన్నదని గ్రహింతురు.

30 ఏండ్లు నిండినవారికి ఆశా కార్యకర్త నింపు ఆరోగ్య పత్రములో సయితము పొగాకు, మద్యము, మనసులోని దిగులు - వీనిని గూర్చిన ప్రశ్నలు చేర్చబడినవి. మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రమున రోగము ఉన్నదని నిశ్చయింపరాదు. వైద్యునికి చూపించుకొనవలసిన అవసరము ఉన్నదని మాత్రమే దాని భావము.

సర్వేలలో ఏమి తేలినది?

బెంగుళూరులోని జాతీయ మానసికారోగ్య, నాడీశాస్త్ర సంస్థ (నిమ్హాన్స్) 2015-16లో 12 రాష్ట్రములందు జాతీయ మానసికారోగ్య సర్వే జరిపెను. 34,802 మంది వయోజనులను ప్రశ్నించిరి. పొగాకు అలవాటును లెక్కలోనికి తీసికొనకయే, నూటికి 10.6 మంది ఆ సమయమున ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుచున్నట్లు తేలినది. అంతకంటె విచారకరమైన విషయము వేరొకటి కలదు. ఆయా రుగ్మతలనుబట్టి, బాధితులలో నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స పొందుట లేదు. మద్యపాన రుగ్మత విషయమున ఈ సంఖ్య 86.

ఆ 12 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ గాని, తెలంగాణ గాని లేవు. కావున ఆ అంకెలను తెచ్చి మన గ్రామమునకు అంటగట్టరాదు. ఒక ఊరిలో తక్కువ ఉండవచ్చును, వేరొక ఊరిలో ఎక్కువ ఉండవచ్చును. అయితే మత్తు పదార్థముల వాడకమును గూర్చి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించి 2019లో ప్రకటించిన సర్వేలో అన్ని రాష్ట్రములును చేరినవి. రెండు లక్షలకు పైగా ఇండ్లను దర్శించి, 4,73,569 మందిని ప్రశ్నించిరి. దేశమున 10 ఏండ్లు మొదలు 75 ఏండ్ల వరకు వయసుగలవారిలో నూటికి 14.6 మంది మద్యము సేవించుచున్నారు. సహాయము అవసరమగునంతటి స్థితికి వచ్చినవారు నూటికి 5.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో అట్టివారు నూటికి పదిమందికి మించియున్నట్లు తేలినది. మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందిరి.

నిద్రకు, వ్యసనమునకు గల సంబంధము

“ఒళ్లు నొప్పులకును, నిద్రకును పుచ్చుకొనుచున్నాను” అను మాట త్రాగువారి నోట తరచుగా వినబడును. మద్యము త్వరగా నిద్రపట్టించునది నిజమే. కాని శరీరము మద్యమును విరిచివేయుచున్న కొలదియు తెల్లవారుజామున నిద్ర చెదరిపోవును, మెలకువలు వచ్చును. మరునాడు అలసట మిగులును. ఆ అలసట పోవుటకు మరల మద్యము కావలసి వచ్చును. ఇట్లు మందు అనుకొన్నదియే రోగమును పెంచును. పొగాకులోని నికోటిను మెదడును ఉత్తేజపరచునది గనుక, పడుకొనుటకు ముందు కాల్చు చుట్ట, బీడీ కూడ నిద్రను దూరము చేయును. త్రాగివచ్చు మనిషి ఉన్న ఇంటిలో ఇల్లాలికిని, పిల్లలకును సయితము కంటినిండ నిద్ర ఉండదు.

దీర్ఘకాలము నిద్రలేమితో బాధపడినవారికి తరువాత కృంగుబాటు వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు రెండింతలని, ఒకే మనుష్యులను ఏండ్ల తరబడి పరిశీలించిన అధ్యయనములు తెలిపినవి. ఒక్కసారి మాత్రమే జరిపిన సర్వే ఏది ముందు, ఏది వెనుక అని తేల్చలేదు. కాని ఒక ఉపాయమును మాత్రము చూపుచున్నది. మనసు బాధ చెప్పుకొనుటకు జంకువారు సయితము “నిద్రపట్టుట లేదు” అని చెప్పుటకు జంకరు. ఆ మాట వినబడినప్పుడు తేలికగా త్రోసివేయక, మరి రెండు మాటలు అడుగుట మంచిది.

హఠాత్తుగా మాన్పించుట ప్రమాదము

సర్వే ఫలితములు చూచి ఉత్సాహపడి, “రేపటినుండి ఊరిలో ఎవరును త్రాగరాదు, త్రాగినవారికి జరిమానా” అని తీర్మానించుట సులభము. కాని దినదినము అధికముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో, మొదటి దినముననే చేతులు వణకుట, చెమటలు, నిద్రలేమి కలుగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండు మొదలు నాలుగు దినములలో మతి తప్పి, లేనిపోనివి కనబడి, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

2015 సెప్టెంబరులో తెలంగాణలోని నిజామాబాదు ప్రాంతమున ఇట్టి అనుభవము కలిగినది. మత్తుమందులు కలిపిన కల్తీకల్లుపై అధికారులు కట్టుదిట్టము చేయగా, దానికి అలవాటుపడినవారు వందలకొలది వణకుతో, మూర్ఛలతో, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల పాలైరి. కల్లులో డయజిపాము, ఆల్ప్రజోలాము, క్లోరల్ హైడ్రేటు వంటి నిద్రమందులు కలుపుటయే దీనికి కారణము. 2020 మార్చిలో లాక్‌డౌను వలన మద్యము దొరకక పోగా, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయమునకు కూడ ఇట్టి రోగులు పెద్దసంఖ్యలో వచ్చిరి. కల్తీని అరికట్టవలసినదే, త్రాగుడు మాన్పింపవలసినదే. కాని వైద్యసహాయమును ముందుగా సిద్ధపరచుకొని, ఆ పిదప ఆ పనికి పూనుకొనవలెను.

పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

1. సర్వే సిబ్బంది వచ్చినపుడు వారి గుర్తింపు పత్రమును పరిశీలించి, వారు వచ్చిన కారణమును గ్రామస్థులకు ముందుగా తెలుపవలెను. సమాధానము చెప్పుటయు మానుటయు ఎవరి ఇష్టము వారిదని కూడ చెప్పవలెను.

2. ప్రశ్నలు అడుగుచున్నప్పుడు సభ్యులు ప్రక్కన కూర్చుండరాదు. భర్త ఎదుట భార్యయు, పెద్దల ఎదుట యువకుడును నిజము చెప్పలేరు.

3. ఎవరు ఏమి చెప్పిరని తరువాత ఆరా తీయరాదు. సర్వేలో చెప్పిన మాట జరిమానాకో, పింఛను నిలుపుదలకో దారితీసినదని ఒక్కసారి పుకారు పుట్టినచో, మరల ఆ ఊరిలో ఎవరును నిజము చెప్పరు.

4. గ్రామసభలో ఫలితములను చర్చించునపుడు అంకెలను మాత్రమే చెప్పవలెను, వ్యక్తుల పేర్లు ఎత్తరాదు. “పిచ్చివాడు”, “తాగుబోతు” అను మాటలు చికిత్సకు రావలసినవారిని వెనుకకు నెట్టును.

5. త్రాగుడు మాన గోరువారిని ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అక్కడి వైద్యుడు అవసరమును బట్టి జిల్లా ఆసుపత్రికి పంపును. ప్రభుత్వ మానసికారోగ్య సేవలు పొందుట 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రతివారి హక్కు. రోగి వివరములు గోప్యముగా ఉంచవలెనని కూడ ఆ చట్టము శాసించుచున్నది.

6. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 అను నంబరున రాత్రింబవళ్లు ఉచితముగా సలహా ఇచ్చును. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడమీద, చౌక డిపోవద్ద, పాఠశాలవద్ద అందరికి కనబడునట్లు వ్రాయింపవలెను.

సర్వే తనంతట తాను రోగము కుదుర్పలేదు. 38 మందిలో ఒక్కరికే చికిత్స అందుచున్నదని మాత్రము అది మనకు చెప్పినది. మిగిలిన 37 మంది ఏదో ఒక గ్రామములో, ఏదో ఒక వాడలో, మన ఇరుగుపొరుగుననే ఉన్నారు. వారు వైద్యుని వద్దకు పోవు దారిని సుగమము చేయుట ఏ పై అధికారికంటెను పంచాయతీ సభ్యునికే సులభము. ఆ ఇంటి గడప ఎరిగినవాడు అతడే.