చెవిని బడిన మాట

సమస్య

అయ్యా,

నేను భువనగిరిలోని ఒక ప్రైవేటు పాఠశాలయందు ఆఱేండ్లుగా తెలుగు చెప్పుచున్నాను. నాలుగవ తరగతి చదువు బాలిక యొకతె చుట్టుపట్ల పల్లెనుండి బడి వ్యానులో వచ్చిపోవుచుండును. సాయంకాలము హారను మ్రోగినంతనే అందఱికంటె ముందు పరుగెత్తు నా పిల్ల, దసరా సెలవుల తరువాత, హారను వినబడగానే నా బల్ల చెంతకు వచ్చి, నోటుపుస్తకములు సర్దెదనని నెపము పెట్టి, సర్దినవానినే మరల మరల సర్దుచు నిలిచిపోవసాగినది. ఒకనాడు దగ్గఱకు తీసికొని యడుగగా, "ముందట సీట్ల కూసోవెట్టుకుంటడు టీచర్. ఏడవడితే ఆడ చెయ్యేస్తడు. ఇంట్ల చెప్తే కొడ్తరు" అని తల యెత్తకయే చెప్పినది.

యాజమాన్యమునకు విన్నవింపగా, "డ్రైవరును మందలించెదము, మాట బయటికి పొక్కిన అడ్మిషన్లు పడిపోవును, మీ పని మీరు చూచుకొనుడు" అనిరి. కూలినాలి చేసికొని బ్రతుకు తల్లి నా చేతులు పట్టుకొని, "పేరు బయటవడితే రేపు పిల్లకు పెండ్లెట్లయితది మేడం" అని బావురుమన్నది. డ్రైవరు నేటికిని ఆ వ్యానునే నడపుచున్నాడు. బాలిక వారము దినములుగా బడికి వచ్చుట లేదు. ఆ తల్లి కన్నీటిని కాదని ఫిర్యాదు చేయు నధికారము నాకున్నదా? చేసినను నా మాట నిలుచునా?

— ఒక ఉపాధ్యాయిని, భువనగిరి

సలహా

అమ్మా,

మీకు అధికారము మాత్రమే కాదు, తప్పించుకొనరాని విధియే కలదు. 2012వ సంవత్సరపు పోక్సో చట్టములోని 19వ సెక్షను, బాలలపై ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతి మనుష్యుడును పోలీసులకు తెలుపవలెనని శాసించుచున్నది. తెలిసియు దాచినవానికి ఆఱు మాసముల వఱకును, తన క్రింది యుద్యోగి నేరమును తెలుపని సంస్థాధిపతికి సంవత్సరము వఱకును కారాగారము గలదు. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ వ్యాజ్యమును నిలువదని అభయమును గలదు. కావున ఎవరి యనుమతికిని ఆగక ఈ దినమే పోలీసు ఠాణాకు పొండు. ఒంటరిగా పోవ జంకు కలిగినచో, రేయింబవళ్లు పలుకు బాలల సహాయవాణి 1098కి ముందుగా ఫోను చేయుడు. ఉద్యోగము మాట నేను హామీ యియ్యజాలను. యాజమాన్యముతో మీరన్నదియు వారన్నదియు తేదీలతో వ్రాసి, ఫిర్యాదు నకలుతో భద్రపఱచుకొనుడు.

ఆ తల్లి భయము ఊరి నోటి నెఱిగిన భయము, దానిని త్రోసిపుచ్చవలదు. మరల పోయి, ఆమె యింటి అరుగుపై కూర్చుండి నెమ్మదిగా చెప్పుడు: పిల్ల పేరు గాని, ఊరు గాని, బడి గాని పత్రికలు ప్రకటింపరాదు, వాఙ్మూలము పిల్ల ఇంటనో పిల్ల కోరిన చోటనో, వీలైనంతవఱకు ఎస్సైకి తగ్గని మహిళాధికారి, యూనిఫారము లేకుండ, తల్లిదండ్రులో పిల్ల నమ్మినవారో చెంత నుండగా తీసికొనవలెను, రాత్రివేళ పిల్లను ఠాణాలో ఉంచరాదు. ఇవి చట్టములోని మాటలే.

మన జిల్లాలోని హాజీపూరు మీకు జ్ఞాపకముండును. బస్సు లేని ఆ యూరి పిల్లలు దారిన పోవు మోటారుసైకిళ్ల నాశ్రయించి యిల్లు చేరెడివారు. 2019 ఏప్రిల్‌లో స్పెషల్ క్లాసుకు పోయి తిరిగివచ్చుచున్న బాలిక యిల్లు చేరలేదు. పాడుబడిన బావిలో ఆమె శవము దొరికిన పిమ్మట, 2015లో అదృశ్యమైన 11 ఏండ్ల పసిదాని జాడయు తెలిసినది. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ న్యాయస్థానము నేరస్థునికి మరణశిక్ష విధించినది. బడికిని గడపకును నడుమనున్న దారిని ఎవరును తమదిగా నెంచకపోవుటయే ఆ ఘోరమునకు చోటిచ్చినది. వ్యాను పంపిన బడికి ఆ దారి పొడవునను బాధ్యత గలదు. మీ బాలిక బడి మానినను, మందలింపుతో విడువబడిన ఆ డ్రైవరు ముందట సీటు నేడు ఖాళీగా ఉండునా?

మీ మాట నిలుచునా యని యడిగితిరి. 2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేండ్ల పసిబిడ్డపై ప్రిన్సిపాల్ డ్రైవరు చేసిన అఘాయిత్యము తల్లిదండ్రుల ఫిర్యాదుతో బయటపడగా, 2023 ఏప్రిల్‌లోనే కోర్టు వానికి 20 ఏండ్ల కఠిన కారాగారము విధించినది. అంతటి పసిదాని మాటయే నిలిచినది.

మీ బాలిక మాటయు నిలుచుటకు మీరు చేయవలసిన దొకటి గలదు. పిల్లను గ్రుచ్చి గ్రుచ్చి యడుగవలదు. డ్రైవరును నిలదీసి హెచ్చరింపవలదు. ఆమె చెప్పినది చెప్పినట్లే, దినముతోను వేళతోను వ్రాసియుంచుడు. తెలుగు చెప్పు చేయి గనుక దిద్దబుద్ధి పుట్టవచ్చును. "ఏడవడితే ఆడ" అన్నదానిని అట్లే యుంచుడు, అది ఆమె సాక్ష్యము.

సర్దిన పుస్తకములను మరల సర్దుచు ఆ పిల్ల ఎన్ని సాయంకాలములు మీ బల్ల చెంత వేచినదో! ఠాణానుండి తిరిగివచ్చునపుడు ఆమె యింటికి పోయి, ఆమె మాటలోనే చెప్పుడు: "నువ్వు చెప్పి మంచిగ చేసినవ్ బిడ్డా, తప్పు నీది గాదు."