పంటిలో పన్ను

"పన్ను పుచ్చలేదమ్మా, తెల్లగానే ఉంది. మరి మా గుంటడికి చిగురెందుకు వాసిందేటి?" అని ఒక తల్లి అడిగితే ఏం చెబుతాం? పుచ్చు కనపడకపోయినా పంటికి చీము పట్టవచ్చు. ఎలాగో చూద్దాం.

అద్దం తీసుకోండి. పై వరసలో నడుమ రెండు పెద్ద పళ్ళుంటాయి. వాటికి అటొకటి, ఇటొకటి కొంచెం చిన్న పళ్ళు. పాలపళ్ళు ఊడాక, 8, 9 ఏళ్ళకు ఇవి వస్తాయి. అరుదుగా కొందరికి ఈ చిన్న పంటి ఆకారంలోనే తేడా ఉంటుంది.

పన్ను ముందు దవడ లోపల మెత్తగా తయారవుతుంది. తర్వాత గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడే పైపొర లోపలికి మడత పడితే? పచ్చిమట్టి ముద్దలో వేలు గుచ్చినట్టు సొట్ట పడుతుంది. గట్టిపడ్డాక ఆ సొట్ట అలాగే ఉండిపోతుంది. ఎక్స్‌రే తీస్తే పంటి లోపల ఇంకో చిన్న పన్ను ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే దీన్ని 'పంటిలో పన్ను' అంటారు. 1794లో ఒక తిమింగలం పంటిలో ఇలాంటిది ఉందని రాశారు. మనిషి పంటిలో కూడా ఉందని 1856లో రాశారు.

బయటికి పెద్దగా ఏమీ తెలీదు. పంటి వెనక సూదిమొనంత చిల్లు ఉంటుంది, అంతే. కొందరికి పన్ను మేకులా సన్నగా ఉంటుంది. ఆ చిల్లులో తిన్న తిండి చేరుతుంది. వేపపుల్ల అందదు, బ్రష్షూ అందదు. లోపలి పొర బాగా పల్చన. సూక్ష్మజీవులు దాన్ని దాటి నరానికి చేరతాయి. నరం చచ్చిపోతుంది. చిగురు మీద చీముపొక్కు లేస్తుంది.

పిల్లలకైతే మరీ నష్టం. పన్ను బయటికి వచ్చాక కూడా రెండు మూడేళ్ళు దాని వేరు ఎదుగుతుంది. ఈలోగా నరం చచ్చిపోతే వేరు అక్కడే ఆగిపోతుంది. పన్ను గట్టిగా నిలవదు.

గ్రహణం పట్టిందనీ, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నావనీ తల్లిని ఆడిపోసుకోకండి. ఇందులో ఆమె తప్పేమీ లేదు.

మరేటి సెయ్యాల? లవంగ నూనె రాస్తే నొప్పి కాసేపు తగ్గుతుంది, చీము పోదు. పొగాకు నలిపి పెట్టడం వద్దే వద్దు. నొప్పి రాకముందే చూపిస్తే పని చిన్నది. డాక్టరు ఆ చిల్లును మందుతో మూసేస్తారు. చీము పట్టాక వేరు లోపల శుభ్రం చేసి నింపాలి. దానికి చాలాసార్లు తిరగాలి. శ్రీకాకుళం దగ్గర చాపురంలోనూ, విజయనగరం వాళ్ళకు దగ్గరగా సంగివలసలోనూ దంత వైద్య కళాశాలలున్నాయి.

వెళ్ళినప్పుడు రెండో పక్క పన్ను కూడా చూడమని అడగండి. చాలామందికి రెండు పక్కలా ఉంటుంది.