ఫినిష్ హిమ్ అన్నాక ఏం నొక్కాలి?

పోయిన సెమ్‌లో మినీ ప్రాజెక్టు కోసం నేనూ మా రూమ్మేటూ కలిసి ఒక చిన్న ఫైటింగ్ గేమ్ రాశాం. ఇద్దరు ఫైటర్లు, పంచ్, కిక్, బ్లాక్, చివర్లో ఒక ఫినిషింగ్ మూవ్. రివ్యూ రెండు రోజులుందనగా అన్నీ పనిచేస్తున్నాయి, ఆ ఫినిషింగ్ మూవ్ తప్ప. పదిసార్లు ట్రై చేస్తే ఒకసారి పడేది. ఫీచర్ల లిస్టులో మొదట రాసుకున్నదే అది, తీసేయడానికి లేదు. సరే, ఫినిషింగ్ మూవ్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఆటలో ఇది ఎలా ఉందో చూద్దామని మోర్టల్ కాంబాట్ ముందేసుకుని కూర్చున్నాం.

ఆ ఆట 1992లో ఆర్కేడ్ మిషన్లలోకి వచ్చింది. చేసింది షికాగోలోని మిడ్‌వే కంపెనీ. ప్రోగ్రామింగ్ ఎడ్ బూన్, ఆర్ట్ జాన్ టోబయస్. పాత్రల్ని చేత్తో గీయలేదు. నటుల్ని వీడియో తీసి, ఆ ఫ్రేముల్నే ఆటలో పెట్టారు. పసుపు బట్టల స్కార్పియన్, నీలం బట్టల సబ్-జీరో ఇద్దరూ ఒకే నటుడు, డేనియల్ పెసీనా. రంగు మార్చారంతే. (కాపీ పేస్ట్ చేసి వేరియబుల్ పేరు మార్చే మనందరికీ ఇది కాస్త ధైర్యమిచ్చే విషయం.)

బటన్లు ఐదు. హై పంచ్, లో పంచ్, హై కిక్, లో కిక్, బ్లాక్. మామూలుగా కనిపిస్తుంది కానీ అసలు కిటుకు ఆ ఐదోదాంట్లో ఉంది. అంతకు ముందు ఏడాది వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో దెబ్బ ఆపుకోవాలంటే జాయ్‌స్టిక్‌ని వెనక్కి లాగాలి. ఇక్కడ బ్లాక్‌కి వేరే బటన్ ఉంది కాబట్టి, వెనక్కి అనే దిశ ఖాళీగా మిగిలింది. స్కార్పియన్ తాడు కట్టిన బల్లెం విసిరి ఎదుటివాణ్ణి లాక్కుంటాడు చూడండి, దానికి వెనక్కి, వెనక్కి, లో పంచ్. ఇంకో సంగతి: ముందుకి, వెనక్కి అంటే కుడి, ఎడమ కాదు. ఎదుటివాడు ఏ పక్కనుంటే అదే ముందు. మేం మొదట కుడి, ఎడమ అని రాసి, ఫైటర్లు ఒకరినొకరు దాటి దూకగానే మూవ్స్ అన్నీ తిరగబడితే తల పట్టుకున్నాం.

ఇక ఫేటాలిటీ. రెండు రౌండ్లు గెలిచాక ఓడినవాడు నిలబడి తూలుతుంటాడు. ‘ఫినిష్ హిమ్’ అని గొంతు వినిపిస్తుంది. కొన్ని సెకన్లే టైమ్. సబ్-జీరో అయితే దగ్గరగా నిలబడి ముందుకి, కిందకి, ముందుకి, హై పంచ్. తల వెన్నెముకతో సహా ఊడొస్తుంది. స్కార్పియన్ అయితే కొంచెం దూరంలో ఉండి, బ్లాక్ పట్టుకుని పైకి, పైకి. ముసుగు తీస్తే పుర్రె, నోట్లోంచి మంట. బ్లాక్ ఎందుకు పట్టుకోవాలి? వదిలేస్తే పైకి అన్నప్పుడు ఎగురుతాడు కాబట్టి. లియూ కాంగ్‌కి బటనే అక్కర్లేదు, జాయ్‌స్టిక్‌ని గుండ్రంగా తిప్పాలి. ఈ వరసలేవీ ఆట మనకి చెప్పదు. తెలిసినవాడు కొడితే పక్కన నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే. ఈ రక్తం గురించి 1993 డిసెంబరులో అమెరికా సెనేట్‌లో విచారణ జరిగింది, మరుసటి ఏడాది ఆటలకి వయసు రేటింగులిచ్చే ఈఎస్‌ఆర్‌బీ పుట్టింది. అది వేరే వ్యాసం.

మన సమస్యకి వద్దాం. ఫేటాలిటీ అంటే వేళ్ళతో రాసే ఒక మాట. మన క్లబ్‌లో ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. క, పొల్లు, ష వరసగా కొడితేనే ‘క్ష’. వరస మారితే ఇంకేదో వస్తుంది. తేడా ఒక్కటే, పొల్లు కొట్టి టీ తాగొచ్చి ష కొట్టినా క్ష వస్తుంది. ఫేటాలిటీకి ఆ తీరిక లేదు.

మా కోడ్ వరసని అక్షరం పొల్లుపోకుండా అడిగేది. ముందుకి, కిందకి, ముందుకి, పంచ్. కానీ మనిషి వేలు అలా కదలదు. ‘ముందుకి’ పూర్తిగా వదలకముందే ‘కిందకి’ నొక్కేస్తాం. మధ్యలో రెండు మూడు ఫ్రేములు రెండూ కలిసే ఉంటాయి. మా కోడ్ దాన్ని తప్పు మాటగా చదివి మొదటికి వెళ్ళిపోయేది. మార్చిందేంటంటే, నొక్కినవి మారినప్పుడల్లా టైముతో సహా ఒక చిన్న లిస్టులో పెట్టాం. పంచ్ పడగానే లిస్టుని వెనక నుంచి చదువుతాం. మధ్యలో కలిసిపోయినవాటిని చూసీచూడనట్టు వదిలేసి, మిగతావి వరసలో, ఒక సెకను లోపల ఉన్నాయా అని చూస్తాం. అర సెకను పెడితే నాకు పడేది, మా వాడికి పడేది కాదు. అందుకే సెకను.

ఇంత చేశాక కూడా వాడి మీద గెలిచినప్పుడు మాత్రం నాకు పడటం లేదు! రాత్రి రెండింటికి తెలిసింది, ఓడిపోగానే వాడు అరచేతిని తన కీల మీద ఆనించి పెడుతున్నాడు. ఓడినవాడి కీలు చదవొద్దని కోడ్ రాశాను. అయినా అంతే. కీబోర్డులో ప్రతి కీకి విడిగా వైరుండదు. అడ్డగీతలు, నిలువుగీతలు కలిసేచోట కీలుంటాయి. కొన్ని కీలు ఒకేసారి నొక్కితే, ఏవి నొక్కారో తేల్చుకోలేక కీబోర్డు కొత్త కీని అసలు పంపదు. నా పంచ్ కోడ్ దాకా రావడమే లేదు. “ఒరేయ్, ఇన్ని రోజులూ బగ్ నువ్వేనా!” అంటే, “ఓడిపోయాక నాకు ఇంకేం మిగిలిందిరా?” అన్నాడు. కాసేపు మాట్లాడుకోలేదు. పొద్దున్నే పక్క రూమ్ నుంచి ఇంకో కీబోర్డు తెచ్చింది మాత్రం వాడే.

రివ్యూలో మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, “గెలిచాక మళ్ళీ కొట్టడం దేనికి?” నా దగ్గర జవాబు లేదు. మా వాడు లేచి, “మేడమ్, ఒకసారి మీరు కొట్టి చూడండి” అని తన కుర్చీ ఇచ్చాడు. నన్ను ఓడించడానికి ఆవిడకి అట్టే సేపు పట్టలేదు (నేనే వదిలేశాను లెండి). వరస చెప్పాం. మొదటిసారి పడలేదు. రెండోసారీ పడలేదు. మూడోసారి పడింది. రివ్యూ షీట్ మీద సంతకం పెడుతూ, “ఆ టైమ్ సెకను నుంచి ఒకటిన్నర చేయండి” అన్నారు.