ఇద్దరు బాసుల కొలువు

చి. చిన్నీకి,



చేరి నెల తిరక్కుండానే ఇద్దరు బాసులు తగిలారని రాశావు. ప్రాజెక్టు మేనేజరు చెన్నైలో, రిపోర్టింగ్ మేనేజరు గచ్చిబౌలిలో. ఒకరు అప్పజెప్పిన పని ఇంకొకరికి తెలియదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉందన్నావు.

ఈ పద్ధతిని మేట్రిక్స్ అంటారు. 1960లలో అమెరికా విమాన, అంతరిక్ష పరిశ్రమల్లో బాగా వాడుకలోకి వచ్చింది. ప్రాజెక్టు నడపడానికి ఒక పెద్ద కావాలి. అది ముగిశాక ఇంజనీర్లు దిక్కులేకుండా పోకూడదు కాబట్టి వాళ్ల శాఖకు ఇంకో పెద్ద ఉంటాడు. మీ ఐటీ కంపెనీల లెక్కా అదే. నువ్వు ప్రాజెక్టు లేక బెంచి మీదికొచ్చినా నీ పేరు ఎవరో ఒకరి జాబితాలో ఉండాలిగా.

పాతకాలం తీరు వేరు. 1855లో అమెరికాలో ఈరీ రైల్వే సూపరింటెండెంటు డేనియల్ మెకాలమ్ తన సంస్థ మొత్తాన్ని చెట్టులా గీయించాడు. తమాషా ఏమిటంటే, ఆ బొమ్మలో డైరెక్టర్ల బోర్డు పైన ఉండదు, అడుగున వేళ్ల దగ్గర ఉంటుంది. ఎవరైనా సరే తన పై అధికారి మాటే వినాలి, ఇంకెవరిదీ కాదు అన్నది ఆయన నియమం. సింగిల్ లైను మీద ఎదురెదురు రైళ్లు నడిచేచోట ఇద్దరు రెండు మాటలు చెబితే ప్రాణాలు పోతాయి మరి. ఫ్రాన్సు గనుల ఇంజనీరు హెన్రీ ఫయోల్ 1916లో ప్రకటించిన 14 సూత్రాల్లోనూ ఇదొకటి. మీ కంపెనీ తెలిసే దాన్ని పక్కన పెట్టింది. ఇబ్బంది పడేది మాత్రం నీలాంటి జూనియర్లు.

ఆర్గ్ చార్టు చూసి అంతా తెలిసిందనుకోకు. సంతకం ఎవరిదన్నది అందులో ఉండదు. మా ఫ్యాక్టరీలో దానికి డెలిగేషన్ ఆఫ్ పవర్స్ అని వేరే పుస్తకం ఉండేది, ఎవరు ఎంత సొమ్ము దాకా మంజూరు చేయొచ్చో చెబుతూ. రాత్రి షిఫ్టులో పంపు సీలు పోతే, పంపు నడిపించే పూచీ షిఫ్టు ఇంజనీరుది. స్టోర్సులో సీలు లేకపోతే కొనే అధికారం మాత్రం ఆయనకు లేదు. ఇండెంటు రాసి, పర్చేజీ వాళ్లు వచ్చేదాకా కూర్చోవాలి. పొద్దున మీటింగులో నిలదీసేదీ ఆయన్నే.

అందుకని ముందు కనుక్కోవాల్సింది ఇది: నీ రేటింగు రాసేదెవరు, సెలవు ఇచ్చేదెవరు, ప్రాజెక్టు నుంచి తీసేయగలిగేదెవరు? ముగ్గురూ ఒకరే అనుకోకు. రేటింగు రాసేవాళ్లు చాలాచోట్ల నీ పని కళ్లారా చూడరు. నెలకోసారి ఏం పూర్తయిందో నాలుగు లైన్ల మెయిలు పెడుతూ ఉండు. గొప్పలొద్దు.

ఇద్దరూ శుక్రవారానికే కావాలంటే మధ్యలో నువ్వు తీర్పరివి కాకు. ఇద్దరికీ కలిపి ఒకే మెయిలు పెట్టు: "ఈ రెండు పనులూ శుక్రవారానికి కావు. ఏది ముందు చేయమంటారో చెప్పండి." ఫోన్లో సరేనని రాత్రుళ్లు కూర్చున్నావా, ఇక అదే రివాజు చేసేస్తారు.

మామూలు పనుల్లో పై అధికారిని దాటి వెళ్లకపోవడమే మేలు. కానీ ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఈ వరసలేవీ చూడకు. నేరుగా అంతర్గత కమిటీకి రాయి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం 10 మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండి తీరాలి. మేనేజరు అనుమతి అక్కర్లేదు.

రేటింగు సంగతి హెచ్ఆర్ వాళ్లు నసిగితే టీ దగ్గర సీనియర్లని అడుగు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఏం తేలిందో నాకు చెప్పు.

మీ పెదనాన్న