విమ్‌లో రంగులు రావాలంటే

డిలీట్ స్టేట్‌మెంట్ ఒక లైను, దాని కింద వేర్ కండిషన్ ఇంకో లైను. ఏదో పరీక్ష కోసం ఎవరో ఆ రెండో లైను ముందు రెండు హైఫన్లు పెట్టి కామెంటు చేసి, తీయడం మరిచిపోయారు. రన్ చేసింది మాత్రం నేను. టేబుల్ మొత్తం ఖాళీ! అదృష్టం బాగుండి అది టెస్ట్ డేటాబేసు. అయినా డేటా మళ్ళీ నింపేసరికి శని, ఆదివారాలు రెండూ పోయాయి.

రన్ చేసే ముందు ఆ ఫైలు విమ్ ఎడిటర్‌లో తెరిచి చూశాను కూడా. కానీ ఫైలు పేరు చివర డీబీఎక్స్ అని మా ప్రాజెక్టు సొంత ఎక్స్‌టెన్షన్ ఉంది. అది ఏ భాషో విమ్‌కి తెలియక అంతా ఒకే రంగులో చూపించింది. కామెంటు వేరే రంగులో ఉంటే కన్ను అక్కడే ఆగేది.

విమ్‌లో సింటాక్స్ రంగులు 1998లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఉన్నాయి. వాటిని సరిచేసుకోవడం ఎలాగో చూద్దాం. కింది ఆదేశాలన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి.

మొదట హోమ్ డైరెక్టరీలోని విమ్‌ఆర్‌సీ ఫైల్లో (పేరు ముందు చుక్క ఉంటుంది) ఈ మూడు లైన్లు రాయండి:

ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్
సింటాక్స్ ఎనేబుల్
సెట్ బ్యాక్‌గ్రౌండ్=డార్క్

మొదటిది ఫైలు ఏ భాషదో గుర్తుపట్టమంటుంది, రెండోది రంగులు వేయమంటుంది. మూడోది నల్లని టెర్మినల్ వాడేవారికే. అది లేకపోతే కామెంట్లు ముదురు నీలంలో పడి, చదవడం కష్టమవుతుంది.

విమ్ 8 నుంచి ఇవేమీ రాయకపోయినా మామూలుగా రంగులు వస్తాయి. కానీ మీరు సొంత విమ్‌ఆర్‌సీ తయారుచేసుకోగానే ఆ డిఫాల్టు సెట్టింగులు లోడ్ కావు. "నిన్నటిదాకా రంగులు వచ్చాయే!" అనుకునేవారు ఇది చూసుకోవాలి.

ఇక మా డీబీఎక్స్ సంగతి. అదే ఫైల్లో వాటి కింద ఇంకో లైను చేర్చాను:

ఏయూ బఫ్‌రీడ్,బఫ్‌న్యూఫైల్ *.డీబీఎక్స్ సెట్ ఫైల్‌టైప్=ఎస్‌క్యూఎల్

అంటే ఆ ఎక్స్‌టెన్షన్ ఉన్న పాత ఫైలు తెరిచినా, కొత్తది మొదలుపెట్టినా ఎస్‌క్యూఎల్‌గా చూడమని. మీ ఎక్స్‌టెన్షన్, మీ భాష పెట్టుకుంటే సరి. విమ్ ఏమనుకుంటోందో తెలియాలంటే కోలన్ కొట్టి "సెట్ ఫైల్‌టైప్?" అని అడగండి.

పెద్ద ఫైల్లో మధ్యకు దూకినప్పుడు ఒక్కోసారి రంగులు తప్పుగా పడతాయి. విమ్ ప్రతిసారీ ఫైలును మొదటినుంచి చదవదు, పైనున్న కొన్ని లైన్లు చూసి అంచనా వేస్తుంది. అప్పుడు కోలన్ కొట్టి "సింటాక్స్ సింక్ ఫ్రమ్‌స్టార్ట్" అనండి. కొంచెం నెమ్మదించినా రంగులు కుదురుకుంటాయి.

ఒక్క మాట. కామెంటైన వేర్ కండిషన్ ఎస్‌క్యూఎల్ లెక్కలో తప్పు కాదు, అందుకే డేటాబేసు నన్ను హెచ్చరించలేదు. విమ్ కూడా తప్పు పట్టదు, రంగు మార్చి చూపిస్తుందంతే. ఆ రంగు చూసి ఆగాల్సింది మనమే.