ద్వేషానికి మైకు ఇవ్వవచ్చునా? : టీవీ చర్చలపై ఒక పరిశీలన

"తీవ్ర మితవాద పార్టీలకు టీవీ, రేడియోలు వేదిక ఇవ్వవచ్చునా?" అనే అంశాన్ని ఈ సంవత్సరం మా హాస్టల్ చర్చకు ఎంచుకున్నాము. రెండు ఆదివారాలు సాగిన ఆ చర్చలో తేలిన విషయాలను తమ్ముళ్ళకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు ఉపయోగపడేటట్లు ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా పదం సంగతి. 1789లో ఫ్రాన్సు జాతీయ సభలో రాజు పక్షంవారు అధ్యక్షునికి కుడివైపున కూర్చున్నారు. రైట్ వింగ్ అనే మాట అక్కడ పుట్టింది. మన పత్రికలు దానిని మితవాదం అన్నాయి. మితం అంటే తక్కువ కదా! అందుకే "తీవ్ర మితవాదం" అంటే మండే మంచు అన్నట్లు వినిపిస్తుంది. పుట్టుకను బట్టి, మతాన్ని బట్టి కొందరిని దేశానికి పరాయివారుగా చూపే రాజకీయం అని అర్థం చేసుకుంటే చాలు. మన దేశంలో ఈ పేరు ఏ పార్టీకి తగునో ఏకాభిప్రాయం లేదు. ఏ పార్టీ కూడా తనకు తాను ఒప్పుకోదు. అందుచేత మేము పార్టీని వదిలి, పలికిన మాటను పట్టుకున్నాము. మన చట్టం చేసేది కూడా అదే. భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ (పాత ఐ.పి.సి. 153-ఎ) వర్గాల మధ్య ద్వేషం పెంచే మాటను నేరం అంటుంది. ఎస్సీ, ఎస్టీలపై ద్వేషం రెచ్చగొట్టడాన్ని 1989 అత్యాచారాల నిరోధక చట్టం విడిగా శిక్షిస్తుంది. పలికినవాడి జెండా రంగు రెండింటిలోనూ లేదు.

ఈ ప్రశ్నకు అందరూ చూపే ఉదాహరణ ఇంగ్లాండుది. 2009 జూన్‌లో బ్రిటిష్ నేషనల్ పార్టీ యూరోపియన్ పార్లమెంటులో 2 సీట్లు గెలిచింది. ప్రజలు ఓటు వేసిన పార్టీని కాదనలేమని బి.బి.సి. ఆ పార్టీ నాయకుడు నిక్ గ్రిఫిన్‌ను అక్టోబరు 22న "క్వశ్చన్ టైమ్" కార్యక్రమంలో కూర్చోబెట్టింది. బయట నిరసనలు జరిగాయి. లోపల ఇతర పార్టీలవారు, ప్రేక్షకులు ఆయనను నిలదీశారు. సుమారు 80 లక్షల మంది చూశారు. 2010 సాధారణ ఎన్నికల్లో ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. "చూశారా, వెలుగులోకి తెస్తే బండారం బయటపడింది" అన్నారు ఒక పక్షంవారు. కాని 2005లో 0.7 శాతం ఉన్న ఓట్లు 2010లో 1.9 శాతం అయ్యాయి. అయితే పోటీ చేసిన అభ్యర్థులూ బాగా పెరిగారు. కాబట్టి ఈ ఉదాహరణతో ఏ పక్షమూ గెలవదని మా అభిప్రాయం. రువాండాది దీనికి పూర్తిగా భిన్నమైన కథ. 1994లో ఆర్.టి.ఎల్.ఎం. అనే రేడియో టుట్సీలను బొద్దింకలని పిలుస్తూ చంపమని ఉసిగొల్పింది. దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మంది చనిపోయారు. అక్కడ మైకు దగ్గర ప్రశ్నించేవాడు ఎవరూ లేరు.

ఇక మన వాకిలికి వద్దాము. 2020 అక్టోబరు వర్షాలకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కోదండరాం నగర్, పి అండ్ టి కాలనీ వంటివి నీట మునిగాయి. డిసెంబరు 1న జి.హెచ్.ఎం.సి. ఎన్నికలు. నాలాల మీద, చెరువు శిఖం భూముల ఆక్రమణల మీద జరగవలసిన ఎన్నికలు అవి. నవంబరు చివరి వారంలో బి.జె.పి. రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్, మేయర్ పదవి వస్తే పాతబస్తీలో రోహింగ్యాలను, పాకిస్తానీలను తరిమేందుకు "సర్జికల్ స్ట్రైక్" చేస్తామన్నారు. ఎం.ఐ.ఎం. ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న పి.వి., ఎన్.టి.ఆర్. ఘాట్లను కూడా తొలగిస్తారా అని అడిగారు. అలా చేస్తే దారుస్సలాంను కూలుస్తామని మళ్ళీ జవాబు. చానళ్ళకు పండుగ! ఒకరి ముక్క, వెంటనే మరొకరి ముక్క. నాలా పూడిక గురించి అడిగే తీరిక ఎవరికి?

పోలింగు 46.55 శాతమే. బి.జె.పి. 4 నుండి 48 డివిజన్లకు పెరిగింది. టి.ఆర్.ఎస్. 99 నుండి 56కు పడిపోయింది. ఎం.ఐ.ఎం. 44 నిలుపుకున్నది. ఎల్.బి.నగర్ ప్రాంతం బి.జె.పి.కి గట్టి అండగా నిలిచింది. ఇదంతా టీవీ వల్లనే అని మేము అనము. వరద సాయం పంపిణీపై కోపం ఉన్నది, అంతకుముందే దుబ్బాకలో గెలిచిన ఊపు ఉన్నది. కాని ఆ వారంలో ఏది మాట్లాడాలో నిర్ణయించినది ఎక్కువగా టీవీయే. ప్రశ్న లేకుండా ఒకే ముక్కను పదే పదే వేయడం వార్త కాదు, ఉచిత ప్రచారం. 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్ళు జరిగిన దిల్‌సుఖ్‌నగర్ ఇది. అనుమానం ఒక మతం వారందరి మీదికి ఎంత తొందరగా పోతుందో ఇక్కడ అద్దె గదులు వెతుక్కునే విద్యార్థులకు తెలుసు.

"అయితే ముందే మాటలు సరిచూసి పంపితే పోదా?" అని ఇంటర్ తమ్ముడొకడు అడిగాడు. ఆ పద్ధతి ఉన్నది. 1998 లోక్‌సభ ఎన్నికల నుండి గుర్తింపు పొందిన పార్టీలకు దూరదర్శన్, ఆకాశవాణి ఉచిత సమయం ఇస్తున్నాయి. ప్రసంగం ప్రతి ముందే ఇవ్వాలి. మతాల మీద, వర్గాల మీద దాడి, హింసకు ప్రేరేపణ ఉండరాదు. మంచి నియమమే. కాని 2024 మేలో అదే సరిచూపు సీతారాం ఏచూరి ప్రసంగంలో ప్రభుత్వాన్ని "మతతత్వ నిరంకుశ" పాలన అన్న మాటను తీసివేయించింది, "దివాళా" అన్నచోట "వైఫల్యం" అనిపించింది. ద్వేషాన్ని ఆపడానికి పెట్టిన కత్తెర విమర్శను కూడా కత్తిరిస్తుందన్నమాట. నిషేధం కోరే మిత్రులకు మేము ఇచ్చిన జవాబు ఇదే.

అయినా ఆ మిత్రుల బాధ చిన్నది కాదు. 2020 సెప్టెంబరులో సుదర్శన్ న్యూస్ అనే చానల్, ముస్లింలు సివిల్ సర్వీసుల్లోకి కుట్రతో చొరబడుతున్నారని వరుస కార్యక్రమాలు వేసింది. జామియా మిలియా రెసిడెన్షియల్ కోచింగ్‌ను కూడా అందులోకి లాగారు. అది ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళా అభ్యర్థులకు వసతితో ఉచిత శిక్షణ ఇచ్చే చోటు. అంటే మన హాస్టల్ వంటిదే. నాలుగు భాగాలు వచ్చిన తరువాత సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మిగిలినవాటిని ఆపివేసింది. పేదపిల్లలు చదివి ఉద్యోగం తెచ్చుకుంటే అది కుట్ర అయితే, రేపు మన స్టడీ సర్కిళ్ళను అననిదెవరు? పైగా ఎవరిని గురించి మాట్లాడుతున్నారో వారికి అక్కడ కుర్చీ లేదు.

అందుకని మేము ఒక మాట మీదికి వచ్చాము. ఓట్లు తెచ్చుకున్న పార్టీని తెర మీదికి రానివ్వాలి. కాని ప్రత్యక్ష ప్రసంగంగా కాదు, ప్రశ్నకు జవాబుగా. యాంకర్ ముందే చదువుకొని రావాలి. "రోహింగ్యాలు ఎందరు, ఆ లెక్క ఎక్కడిది?" అని అడగాలి. ఎవరిని నిందిస్తున్నారో వారిలో ఒకరు ఎదురుగా ఉండాలి. చట్టం దాటిన మాటను మళ్ళీ మళ్ళీ వేయరాదు. ఇది చానళ్ళ దయ కాదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులో ఒక భాగం వ్రాసినవారు మన హైకోర్టులో పనిచేసిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. ఫోనులో వచ్చే వీడియోలకు ఈ పద్ధతి చాలదని ఒప్పుకుంటాము. దానికి వేరే వ్యాసం కావాలి.

చూసేవారు చేయగల పని కూడా ఒకటి ఉన్నది. 2021లో సవరించిన కేబుల్ టీవీ నియమాల ప్రకారం ఎవరైనా నేరుగా చానల్‌కు ఫిర్యాదు వ్రాయవచ్చు. 15 రోజుల్లో చానల్ తన నిర్ణయం తెలపాలి. తృప్తి లేకపోతే మరో 15 రోజుల్లో ఆ చానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళవచ్చు. చానల్ పేరు, కార్యక్రమం పేరు, తేదీ, సమయం, పలికిన మాట ఉన్నది ఉన్నట్లుగా వ్రాయాలి. "ఏదో అన్నారు" అంటే పనికిరాదు. మా టీవీ గదిలో ఇందుకోసం ఒక లాంగ్ నోట్‌బుక్, దారం కట్టిన పెన్ను పెట్టాము.